మట్టి పెచ్చులో జీవం – 3వ పాఠం: నానబెట్టి చూడటం

పోయిన పాఠంలో మట్టి పెచ్చును (సూక్ష్మజీవులు రేణువులను కట్టిపడేసి నేల మీద చేసే పలుచటి పొరను) చెదరకుండా తీసి అగ్గిపెట్టెలో దాచుకున్నాం కదా, దాన్ని బయటికి తియ్యండి. చెల్క నేలలో తీసినవాళ్ళది పలుచటి ఎర్ర అట్టులా ఉంటుంది, డాబా మీద తీసినవాళ్ళది కాలిన కాగితంలా నల్లగా ఉంటుంది. మన హన్మకొండ ఎండలకు రెండు నెలలుగా ఎండిన ముక్కయినా పనికొస్తుంది. (ఖిలా వరంగల్ రాళ్ళ మీద, రామప్ప గుడి గోడల మీద మాత్రం ఎవరూ గీకొద్దు. దయచేసి.)

చిన్న గాజు మూతలో ముక్క పెట్టి, వాన నీళ్ళో, కాచి చల్లార్చిన నీళ్ళో చుక్కలుగా వెయ్యండి. రాత్రంతా నాననివ్వండి. నేను మొదటిసారి ఐదు నిమిషాలకే స్లైడ్ చేసి, ఇసుక రేణువులు తప్ప ఏమీ లేవనుకుని ముక్కంతా పారేశాను. మూతకు అంటుకుని మిగిలిన తునక మర్నాడు పొద్దున చూస్తే పచ్చగా, జిగురుగా ఉబ్బి ఉంది. పారేసినదాని గురించి ఇప్పటికీ బాధే.

పెచ్చులో ఎక్కువగా ఉండేవి సైనోబ్యాక్టీరియా, అంటే మొక్కల్లా కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా. నీళ్ళు తగిలాక వీటి కణాల్లో ముందు శ్వాసక్రియ మొదలవుతుంది, తర్వాత కిరణజన్య సంయోగక్రియ, అన్నిటికన్నా చివర నత్రజని స్థాపన (గాలిలోని నత్రజనిని పట్టి వాడుకునే రూపంలోకి మార్చడం). అంటార్కిటికాలో మన మైత్రి పరిశోధన స్టేషన్ ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌లో (మంచుపలక కప్పని రాతి నేల అది) నాస్టాక్ అనే సైనోబ్యాక్టీరియా బతికేది ఇలాగే. అక్కడ వేసవిలో మంచు కరిగే కొన్ని వారాలే దానికి తడి. మన డాబాల మీద తొలకరికి ఉబ్బే నల్ల జిగురు కూడా చాలాసార్లు నాస్టాకే. గడ్డకట్టే చలైనా, మే నెల ఎండైనా కణంలోని నీటినే లాగేస్తాయి. అందుకే ఒకటే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) రెండు చోట్లా నిలబడగలిగింది.

ఇక స్లైడ్. సూది మొనతో సగం ఆవగింజంత జిగురు తీసి, చుక్క నీటిలో పెట్టి, కవర్‌స్లిప్ వేసి మెల్లగా నొక్కండి. మైక్రోస్కోప్‌లో ముందు 10 లెన్స్, తర్వాత 40.

పూసల దండలు కనిపిస్తే అది నాస్టాక్ కావచ్చు. దండ వెంట నిదానంగా కదలండి. అక్కడక్కడ ఒక పూస కాస్త పెద్దగా, పాలిపోయి, మందపాటి గోడతో, పక్క పూసను తాకే చోట మెరిసే చుక్కతో ఉంటుంది. అదే హెటిరోసిస్ట్. గాలిలోని నత్రజనిని పట్టేది ఆ కణమే. ఆ పని చేసే ఎంజైమ్‌ను ఆక్సిజన్ పాడుచేస్తుంది కాబట్టే అంత మందం గోడ. చుట్టూ జిగురులో పసుపు-గోధుమ రంగు కనిపిస్తే మురికి అనుకోకండి. అది స్కైటోనెమిన్, అతినీలలోహిత కిరణాలను ఆపే రంగు పదార్థం.

ఒకే తొడుగులో నాలుగైదు పోగులు పేనినట్టు ఉంటే మైక్రోకోలియస్ అనే మరో సైనోబ్యాక్టీరియా అయ్యుండొచ్చు. కాసేపు కదలకుండా చూడండి, పోగులు తొడుగులోంచి జారుతూ బయటికొస్తాయి. ఇసుక రేణువులను కట్టిపడేసి పెచ్చుగా నిలిపేది ఈ తొడుగులే. ధ్రువ ప్రాంతాల నేలల్లోనూ ఇదే పని.

పచ్చరంగు కణమంతా సమంగా పరుచుకోకుండా ఒక పక్క ముద్దలా ఉంటే ఆకుపచ్చ శైవలం. అనుమానముంటే చుక్క అయోడిన్ వెయ్యండి. పిండిపదార్థం ఉన్న శైవలం నల్లబడుతుంది, సైనోబ్యాక్టీరియా అలా నల్లబడదు.

నోట్‌బుక్‌లో ప్రజాతి వరకే రాయండి. చూపుకి ఒకేలా ఉన్నవి డీఎన్ఏలో వేరని తేలడం మామూలే. ధ్రువ ప్రాంతాల జాబితాల్లో చాలాకాలం ఫార్మిడియం అనే ప్రజాతి కింద, ఫార్మిడియం ఆటమ్నేల్‌గా రాసిన సైనోబ్యాక్టీరియాను ఇప్పుడు మైక్రోకోలియస్‌లో చేర్చారు.

చూసిన దండ ఒకటి బొమ్మ గీసి, రెండు హెటిరోసిస్ట్‌ల మధ్య ఎన్ని పూసలున్నాయో లెక్కపెట్టి రాయండి. మూతను నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టి, తడి ఆరకుండా చూసుకోండి. వచ్చే పాఠంలో ఆ ముక్కలోనే ఎన్ని రకాలున్నాయో లెక్క తీద్దాం.