కిసో లోయలో వానరోజు: మగోమె, త్సుమగోల మధ్య ఒంటరిగా తిరిగేవాళ్లకి

జపాన్ నడిబొడ్డున, కొండల మధ్య ఇరుకుగా సాగేది కిసో లోయ. ఎదో అని పిలిచే పాత టోక్యో నుంచి క్యోటోకి కాలినడకన పోయే నకసెందో బాట దీనిలోంచే వెళ్లేది. ఆ బాటకి 69 మజిలీలు. 42వది త్సుమగో, 43వది మగోమె. రెండింటి మధ్య దూరం ఎనిమిది కిలోమీటర్ల లోపే. పొడిరోజున రెండున్నర, మూడు గంటల్లో నడిచేయొచ్చు. వానలో నాలుగు గంటలు చేతిలో పెట్టుకోవాలి. అసలు మొత్తం నడవాలా, సగమే నడవాలా, ఊళ్లోనే తిరగాలా అన్నది ముందురోజు రాత్రి తేల్చుకునే సంగతి కాదు. పొద్దున ఏడింటికి వాన లెక్క చూశాకే ఆ నిర్ణయం.

ఆ లెక్క జపాన్ వాతావరణ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఇంగ్లిష్‌లో కూడా. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మగోమె గిఫు రాష్ట్రంలో నకత్సుగవ నగరం కిందికి వస్తుంది (2005 దాకా అది నగనోలోనే ఉండేది). త్సుమగో మాత్రం నగనో రాష్ట్రంలోని నగిసో పట్టణం కింద ఉంది. హెచ్చరికలు ఊరి పాలనా పరిధిని బట్టి ఇస్తారు కాబట్టి ఒక్కటే చూస్తే సగం దారి గురించే తెలుస్తుంది. నకత్సుగవ, నగిసో రెండూ చూడండి. తర్వాత రాడార్ బొమ్మ తెరవండి. వచ్చే గంటలో వాన ఎటు కదులుతుందో ఐదేసి నిమిషాల చొప్పున చూపిస్తుంది.

అంకెలు మిల్లీమీటర్లలో, గంట లెక్కన ఉంటాయి. రెండు మూడు మిల్లీమీటర్లయితే మంచి రెయిన్ జాకెట్‌తో దారంతా నడవొచ్చు, అడవి పచ్చగా, మనుషులు తక్కువగా ఉండి బాగుంటుంది కూడా. ఐదు దాటితే సగం దారి చాలు. పది దాటితే నేల మీద పడ్డ చినుకు ఎగిరి పాదాలని తడుపుతుంది, ఊళ్లోనే ఉండండి. ఇరవై దాటితే గొడుగు వేసుకున్నా తడుస్తారు, ఆ రోజు కొండ సంగతి మర్చిపోండి. ఈ హద్దులు కొంచెం భయస్తుడి హద్దులే అనుకోండి. తోడు ఉంటే ఒక మెట్టు సడలించుకోవచ్చు. ఒంటరిగా ఉన్నవాడికి మడమ మెలిక పడితే లేపేవాడు ఉండడు.

వాన అంకెతో పాటు కికికురు అనే మ్యాప్ కూడా చూడాలి. మట్టి ఇప్పటికే ఎంత నీరు తాగిందో లెక్కగట్టి, కొండచరియలు విరిగే ప్రమాదాన్ని రంగుల్లో చూపిస్తుంది. పసుపు ఉంటే లోయ మధ్యలోని అడవి దారి వద్దు. ఎరుపు ఉంటే అసలు ఆ వైపు వెళ్లొద్దు. ఊదా కనబడే సరికి మీరు కొండ దగ్గర ఉండకూడదు. ప్రస్తుతం వాన తగ్గినా మ్యాప్‌లో ఎరుపు పోకపోవచ్చు. మూడు రోజులుగా నానిన నేల ఒక గంట తెరిపికి ఆరదు.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పేది కాదు. ఇక్కడి కొండలు నిట్టనిలువు, వాగులు పొట్టివి, కింద ఉన్నది పొడిబారి చితికిన గ్రానైట్ మట్టి. మట్టీ రాళ్లూ కలిసి వాగు పొడుగునా ఒక్కసారిగా జారిపడడాన్ని స్థానికులు 'జానుకె' అంటారు. పాము జారిపోవడం అని అర్థం. 2014 జూలై 9న నగిసోలో వచ్చిన జానుకెకి రైలు వంతెన కొట్టుకుపోయి, దాదాపు నెల రోజులు ఆ ముక్కలో రైళ్లు నడవలేదు. 1953లో వచ్చిన దాని తర్వాత నగిసోలో ఒక రాయి నిలబెట్టారు. పెద్దవాళ్ల మాటలు దాని మీద చెక్కి ఉన్నాయి: తెల్ల వాన కురిస్తే జారుతుంది, చాలాసేపు వాన పడ్డాక వాగు నీరు ఉన్నట్టుండి ఆగిపోతే జారుతుంది, జారే ముందు కాలిన వాసన వస్తుంది. వాతావరణ సంస్థ పట్టికలో గంటకి 50 మిల్లీమీటర్లు దాటిన వానని ఎలా వర్ణించారో చూడండి: నీటి తుంపరకి చుట్టూ తెల్లగా అయిపోతుంది. చెక్కినవాళ్ల తెల్ల వాన అదే. వాగు నీరు ఆగడం ఎందుకు ప్రమాదమంటే, పైన ఎక్కడో కూలిన మట్టి కట్టలా అడ్డుపడిందని, అది తెగబోతోందని. అలాంటిది గమనిస్తే వాగు వెంబడి కిందికి పరుగెత్తకండి. వాగుకి దూరంగా, పక్కకి, ఎత్తుకి పోవాలి.

ఎటు నుంచి ఎటు

చాలామంది మగోమెలో మొదలుపెడతారు, ఎక్కుడు తక్కువని. మగోమె దాదాపు 600 మీటర్ల ఎత్తులో, కనుమ 790 మీటర్ల ఎత్తులో, త్సుమగో సుమారు 420 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. పొడిరోజుకి ఆ లెక్క సరే. వానలో జారేది దిగేటప్పుడు. పాత రాతి పలకల మీద నాచు, దాని మీద హినోకి (జపాన్ సైప్రస్) చెట్ల ఆకు చెత్త, దాని మీద నీరు. కనుమ నుంచి త్సుమగో వైపు ఐదు కిలోమీటర్ల పైగా ఇదే వరస. అందుకే చినుకులున్న రోజున త్సుమగో నుంచి మగోమెకి నడవడం మేలు. ఆయాసం వస్తుంది, కానీ జారుడు దారి ఎక్కువ భాగం ఎక్కుతూ దాటేస్తారు. పైగా మగోమె నుంచి నకత్సుగవ స్టేషన్‌కి బస్సులు ఎక్కువ, అరగంట ప్రయాణం.

సగం దారి నడవాలనుకుంటే మగోమె నుంచి నగిసో వెళ్లే బస్సెక్కి ఓత్సుమగోలో దిగండి. అక్కడి నుంచి త్సుమగోకి అరగంట పైచిలుకు నడక. దారి దాదాపు చదును, మధ్యలో ఇళ్లు, పొలాలు. అడవిలో వాగుల పక్క ముక్కంతా బస్సులో దాటిపోతుంది. ఒదకి, మెదకి అనే జంట జలపాతాలు వానకి ఉరకలేస్తుంటాయి, చూడాలనిపిస్తుంది. కానీ వాటి దగ్గరికి దారి వాగులోకే దిగుతుంది. నీరు మట్టి రంగుకి తిరిగి ఉంటే ఆ పక్క దారి వదిలి పై దారినే పోండి.

ఈ బస్సులు రోజుకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దిగగానే తిరుగు బస్సు పట్టికని ఫోటో తీసుకోండి. అందులో 'హెయిజిత్సు' అంటే పనిదినాలు, 'క్యుజిత్సు' అంటే సెలవులు. జపాన్ సెలవుల క్యాలెండర్ తెలియక తప్పు వరస చూసుకుని గంటన్నర వానలో నిలబడేవాళ్లు చాలామంది. పల్లె బస్సుల్లో ఎక్కగానే నంబరు చీటీ తీసుకోవాలి. ముందున్న బోర్డులో ఆ నంబరు కింద కనబడే చార్జీని దిగేటప్పుడు డ్రైవర్ పక్కనున్న పెట్టెలో వేయాలి. చిల్లర మార్చే యంత్రం సాధారణంగా 1,000 యెన్ల నోటు దాకానే తీసుకుంటుంది. 10,000 నోటు ఒక్కటే పెట్టుకుని ఎక్కకండి.

బ్యాగు విషయంలో ఒక మెలిక ఉంది. మగోమె, త్సుమగో సమాచార కేంద్రాల మధ్య లగేజీ పంపే సదుపాయం సీజన్‌లో నడుస్తుంది. పొద్దున ఇస్తే మధ్యాహ్నం అవతలి ఊళ్లో తీసుకోవచ్చు. వానరోజున ఇది ఎదురు తిరుగుతుంది: మీరు నడక మానేసి వెనక్కి తిరుగుతారు, బ్యాగు కొండ అవతల కూర్చుంటుంది. అనుమానంగా ఉన్న రోజున నకత్సుగవ స్టేషన్ లాకర్‌లో పెట్టేయండి. ఏ దారి పట్టినా తిరిగి అక్కడికి రావడం తేలిక.

కాళ్లు, గొడుగు, గంట

మజిలీ వీధుల్లో గొడుగు, కొండ దారిలో జాకెట్. రాళ్ల మీద రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బూట్ల అడుగు గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే పలకల మీద మంచు మీద నడిచినట్టే. మెత్తటి రబ్బరు, లోతైన గాడులు కావాలి. పలక మధ్యలో కాక, రెండు పలకల సందులో పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులు వేయండి. చెక్క వంతెనలు రాళ్లకన్నా ఎక్కువ జారతాయి.

మేజోళ్లు మూడు జతలు, ఒక్కో జతా విడి జిప్ కవర్లో. ఇది అతిగా అనిపిస్తుంది కానీ కారణం ఉంది: ఇక్కడ చూడదగ్గ ఇళ్లన్నింటిలో బూట్లు విప్పాలి. తడి మేజోళ్లతో తతామి చాపల మీద అడుగు పెట్టడం అక్కడివాళ్లకి నిజంగా ఇబ్బంది. గొడుగుని గుమ్మంలోని స్టాండులో పెట్టి, జాకెట్ బయటే దులిపి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి కవర్లో వేసుకోండి. చెత్తబుట్టలు దాదాపు ఉండవు, తడి కవర్లు మీతోనే తెచ్చుకోవాలి.

దారి పొడుగునా ఎలుగుబంట్ల కోసం గంటలు వేలాడదీసి ఉంటాయి. వానలో వాటిని రెట్టింపు గట్టిగా మోగించండి. వాన చప్పుడుకి మీ అడుగులు ఎలుగుకి వినబడవు, వాసన కూడా అందదు. ఎదురుపడ్డాక కన్నా ముందే తెలియడం ఇద్దరికీ మంచిది.

త్సుమగో కొట్లలో హినోకి చెక్కని సన్నటి పట్టీలుగా చీల్చి అల్లిన టోపీలు అమ్ముతారు, నగిసో దగ్గరి అరరగి పల్లె పని. ఎండలో గాలి ఆడుతుంది, తడిస్తే చెక్క ఉబ్బి సందులు మూసుకుని నీరు దిగదు. మన తాటాకు గిడుగు వెనకున్న లాంటి తెలివే. కొనాలనుకుంటే రోజు మొదట్లోనే కొనండి, పనికొస్తుంది.

కప్పు కింద గడపడానికి

త్సుమగోలో వాకి-హొన్‌జిన్ ఒకుయకి గంటన్నర ఇవ్వండి. పెద్ద అధికారుల పరివారం దిగే ఇల్లు ఇది, 1877లో పూర్తిగా హినోకితో తిరిగి కట్టారు. అంతకుముందు సామాన్యులు ఈ చెట్టు కొట్టడానికి లేదు, ఒక చెట్టుకి ఒక తల అనేవారు. నట్టింట్లో పొయ్యి మండుతూ ఉంటుంది, ఆ పొగే ఇంటి కలపని పురుగు పట్టకుండా కాపాడుతుంది. తడిసిన బట్టలకి ఆ వాసన పట్టి రెండు రోజులు వదలదు. ఫోటోల్లో కనిపించే వెలుగు చారలు శీతాకాలం ఎండలోవి, వానరోజు వాటికోసం చూడకండి. చివరి ప్రవేశం సాయంత్రం ఐదు కాకముందే. భోజనశాలలైతే మధ్యాహ్నం రెండు మూడుకే కట్టేస్తాయి. ఒంటిగంట లోపు తినేయండి.

శాకాహారులకి సోబా అంటే సేమ్యాలా కనిపించినా, పులుసులోనూ ముంచుకునే రసంలోనూ ఎండు చేప సారం ఉంటుంది. 'మాంసం లేదు' అన్నా చేప లెక్కలోకి రాదు. గోహెయి మోచీ అడగండి: అన్నం మెదిపి పుల్లకి గుచ్చి, అక్రోటు, నువ్వులు, సోయా సాస్, పంచదార పూత రాసి నిప్పుల మీద కాలుస్తారు. కొన్ని చోట్ల పూతలోనూ దాషి అనే ఈ చేప సారం కలుపుతారు కాబట్టి అడగడం మానొద్దు. శరదృతువులో నకత్సుగవ కురి కింతోన్ దొరుకుతుంది, చెస్ట్‌నట్ గింజా పంచదారా తప్ప ఏమీ ఉండని మిఠాయి.

వాన ఇరవై దాటి, రైళ్లు మాత్రం నడుస్తుంటే ఉత్తరాన నరై వెళ్లండి. స్టేషన్ బయటికి రాగానే మజిలీ వీధి, కిలోమీటరు పొడుగు, పై అంతస్తు ముందుకి పొడుచుకొచ్చి ఉండడంతో గోడ పక్కనే నడిస్తే సగం తడవరు. పక్క స్టేషన్ కిసో-హిరసవ లక్కపని (చెట్టు పాలతో చెక్క సామాన్లకి మెరుపు పూత వేసే పని) ఊరు. అక్కడి లక్క ఆరదు, గట్టిపడుతుంది: గాలిలోని తేమని తీసుకుని. 20 డిగ్రీల పైన వేడి, 70 శాతానికి పైగా తేమ ఉంటేనే అది కుదురుతుంది. తుంపర రోజున కొట్టువాళ్లు విసుక్కోని ఊరు ఇదొక్కటేనేమో. లోకల్ రైళ్ల మధ్య విరామం పెద్దది, తిరుగు రైలు వేళ చూసుకున్నాకే స్టేషన్ వదలండి.

రైలు ఆగిపోతే

వాన కొలత ఒక హద్దు దాటితే రైళ్లని ముందు నెమ్మదిస్తారు, తర్వాత ఆపేస్తారు. కట్టలు, కొండ చరియలు దిగబడతాయన్న భయం. 'ఒకురె' అంటే ఆలస్యం, 'ఉన్‌తెన్ మియావసె' అంటే ప్రస్తుతానికి నిలిపివేత, 'ఉన్‌క్యు' అంటే ఆ రైలు రద్దు. రెండో మాట వినబడితే వాన ఆగినా వెంటనే కదలదు, పట్టాలు తనిఖీ చేశాకే కదులుతుంది. రెండు గంటలు దాటేలా ఉంటే చీకటి పడకముందే బస కోసం సమాచార కేంద్రంలో అడగండి, అది ఐదింటికి మూసేస్తారు. వెళ్లేముందే మీ దారీ, చేరాల్సిన వేళా బస చేసే ఇంటివాళ్లకి రాసిచ్చి ఉంచితే, మీరు రాకపోతే వెతికేవాళ్లు ఉంటారు. అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110. ఇంగ్లిష్‌లో సాయం కావాలంటే జాతీయ పర్యాటక సంస్థ నంబరు 050-3816-2787, రాత్రీ పగలూ పలుకుతుంది. కొండ దారిలో సిగ్నల్ తెగుతూ ఉంటుంది కాబట్టి మ్యాప్, నంబర్లు ముందే ఫోన్‌లో దాచుకోండి.

సాయంత్రం బసకి చేరగానే పాత వార్తాపత్రికలు అడగండి, 'షింబున్' అంటే చాలు. బూట్ల లోపలి అట్టలు తీసి, ముక్కు దాకా కాగితం కుక్కి, గంట తర్వాత తడిసిన కాగితం తీసి కొత్తది పెట్టండి. పడుకునే ముందు మూడోసారి. పొయ్యి పక్కన, హీటర్ ముందు పెట్టకండి, జిగురు ఊడి అడుగు విడిపోతుంది.