వార్త కింద వ్యాఖ్య: ఉంచాలా, తీయాలా?

వార్తల కింద పాఠకులు రాసే వ్యాఖ్యలను చూసే బాధ్యత మీకు కొత్తగా అప్పగించారనుకుందాం. వచ్చిన వ్యాఖ్యను ఆమోదించడమో, దాచడమో, తొలగించడమో మీ చేతిలో పని, అందుకు ఒక్క క్షణం చాలు. అయితే ఆ క్షణంలో మీరు ఒక మనిషి మాట పదిమంది ముందు నిలవాలో వద్దో తేలుస్తున్నారు. కొన్నేళ్లు ఈ పని చేశాక నాకు గట్టిగా నాటుకున్న కొలబద్ద ఒకటుంది. ఒక వ్యాఖ్యను తీయబోయే ముందు, ఇదే అభిప్రాయాన్ని ఈ తిట్టు, ఈ బెదిరింపు, ఈ నింద లేకుండా రాసి పంపితే ఉంచుతానా అని మిమ్మల్ని మీరు అడగండి. ఉంచుతానన్న జవాబు వస్తే నిశ్చింతగా తొలగించవచ్చు. ఉంచనన్న జవాబు వస్తే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి, ఎందుకంటే అప్పుడు మీకు అడ్డుగా ఉన్నది అవతలి మనిషి అభిప్రాయమే.

"నా కామెంట్ తీసేశారు, నా వాక్ స్వాతంత్ర్యాన్ని హరించారు" అని పాఠకులు తరచుగా నిలదీస్తారు. వాక్ స్వాతంత్ర్యపు హక్కు ప్రధానంగా ప్రభుత్వ నిర్బంధం నుంచి పౌరుణ్ణి కాపాడేది. వచ్చిన ప్రతి వ్యాఖ్యనూ ప్రచురించి తీరాలని అది వార్తాసంస్థను శాసించదు. ఉత్తరాలు అచ్చువేసే కాలంలోనూ సంపాదకుడు వచ్చినవాటిలో కొన్నింటినే ఎంచుకునేవాడు. అయినా ఈ ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు. మీ అభిప్రాయం చెప్పండని పదిమందిని పిలిచి, నచ్చనివాళ్లను మాత్రం గుమ్మంలోంచే పంపేస్తే ఆ పిలుపుకు అర్థం లేదు. అందువల్ల ప్రభుత్వాలకు పెట్టిన కట్టుబాట్లనే కొంతవరకు మనకు మనం పెట్టుకోవడం మంచిది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక (1966) 19వ అధికరణం ప్రకారం భావప్రకటన మీద విధించే ఏ ఆంక్ష అయినా ముందుగానే చట్టంలో రాసి ఉండాలి, ఇతరుల హక్కులు, పరువు, ప్రజాభద్రత వంటి నిర్దిష్ట ప్రయోజనం కోసం అది నిజంగా అవసరమై ఉండాలి. ఈ రెండు షరతులనూ మీ డెస్కు గోడ మీద అతికించుకున్నా తప్పులేదు. నియమం ముందే రాసి ఉందా, తొలగింపు నిజంగా అవసరమా అన్న రెండు ప్రశ్నలకు అవునని చెప్పలేనప్పుడు ఆ వ్యాఖ్యను ఉండనివ్వండి.

నియమాలు రాయడం

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "అసభ్యకరమైన, అభ్యంతరకరమైన, ఇబ్బంది కలిగించే వ్యాఖ్యలు తొలగిస్తాం" అని ఒక వాక్యం రాసి నియమావళి పూర్తయిందనుకుంటారు. ఎవరికి అభ్యంతరం, ఎంత ఇబ్బంది అన్నది ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా పరిగణించిన, భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసినప్పుడు చూపిన లోపాల్లో ఇదొకటి: చిరాకు, అసౌకర్యం, తీవ్ర అభ్యంతరకరం వంటి మాటలకు హద్దు లేదు, వాటి కింద ఎవరినైనా పట్టుకోవచ్చు. అదే తీర్పు ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని గట్టిగా సమర్థించడం, హింసకో నేరానికో రెచ్చగొట్టడం అనే మూడు మెట్లను విడదీసి, మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా రక్షణ పొందుతాయని, మూడో మెట్టు దగ్గరే ఆంక్షకు చోటు ఉంటుందని చెప్పింది. చట్టంతో సంబంధం లేకున్నా ఈ విభజన వ్యాఖ్యలు చూసేవారికి రోజూ పనికొస్తుంది.

కాబట్టి ప్రతి నియమాన్నీ జరిగే పనిని చూపించేలా రాయండి. "వ్యక్తిగత దాడి" అని వదిలేయకుండా, "ఒకరి రూపాన్ని, పుట్టుకను, వైకల్యాన్ని, కుటుంబసభ్యులను ఎత్తిపొడిచే మాటలు" అని రాయండి. "రెచ్చగొట్టడం" అన్న చోట "ఫలానా వ్యక్తిని లేదా గుంపును కొట్టమని, తరిమేయమని, వారి ఆస్తిని ధ్వంసం చేయమని పిలుపునివ్వడం" అని రాయండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, వాహనం నంబరు వంటి వివరాలు బయటపెట్టడానికి విడిగా ఒక నియమం ఉండాలి. అన్నీ కలిపి ఒక్క పేజీ దాటకూడదు. దాటితే పాఠకుడు చదవడు, మీకూ గుర్తుండవు.

ఒకే వార్త, ఐదు వ్యాఖ్యలు

నియమాలు వాడుకలో ఎలా పనిచేస్తాయో చూడటానికి, ఒక వంతెన పనులు మధ్యలో ఆగిపోయాయనే వార్తను ఊహించుకుందాం. దాని కింద ఐదు వ్యాఖ్యలు వచ్చాయి.

"ఇంత చేతగాని ఇంజనీరును నేనెక్కడా చూడలేదు" అన్నది మొదటిది. ఇది కటువైన అభిప్రాయం. ప్రజాధనంతో పని చేయించే అధికారి ఆ మాట పడటానికి సిద్ధంగా ఉండాలి, కనుక ఆలోచించే అవసరం లేకుండా ఉంచాలి. రెండోది, "ఈయనకు లెక్కలు రావు, కాంట్రాక్టరు దగ్గర కమిషన్ మాత్రం బాగానే తిన్నాడు" అంటుంది. ఇందులో మొదటి సగం అభిప్రాయం, రెండో సగం నిజమో అబద్ధమో తేల్చవలసిన ఆరోపణ. ఆ మనిషి ఎవరో వార్తలోనే ఉంది, ఆరోపణకు ఆధారం చూపలేదు, బదులు చెప్పడానికి ఆయన అక్కడ లేడు. అందుచేత ఇది నిలవదు. "ఆయన ఇల్లు నాకు తెలుసు, ఓ రాత్రి వెళ్లి సంగతి చూస్తా" అన్న మూడో వ్యాఖ్యలో ఒక్క తిట్టు లేదు, అయినా ఐదింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. దీన్ని తీసే ముందు సమయంతో సహా కాపీ భద్రపరచి, పై అధికారికి చెప్పి, బెదిరింపుకు గురైన వ్యక్తికి కబురు అందేలా చూడాలి. నాలుగోది, "వాళ్ల జాతే అంత, ఎవరికి పని అప్పగించినా ఇంతే" అని ఒకరి పొరపాటును పుట్టుకకు అంటగడుతుంది. వంతెన గురించి ఒక్క మాటైనా చెప్పని ఈ వాక్యం కేవలం ఒక గుంపును కించపరచడానికే ఉంది, తీసేయాలి.

అన్నింటికంటే కష్టమైనది ఐదోది: "ఈ వార్త రాసినవాడికి ఎంత ముట్టిందో!" చేయి వెంటనే తొలగింపు మీదికి పోతుంది, ఎందుకంటే దెబ్బ మనకే తగిలింది. నా తీర్పు మాత్రం దీన్ని ఉంచి, సంస్థ పేరుతో కిందనే జవాబు రాయాలన్నది. రెండో వ్యాఖ్యలోని ఇంజనీరుకు లేని అవకాశం మనకు ఉంది: అదే చోట, అంతే స్పష్టంగా బదులు చెప్పగలం. పైగా ఇది ఖచ్చితమైన ఆరోపణగా కాక అనుమానంగా ఉంది. విలేకరిని పేరుపెట్టి ఫలానావారి దగ్గర ఇంత తీసుకున్నాడని రాస్తే ఇంజనీరుకు వర్తించిన నియమమే ఆయనకూ వర్తిస్తుంది. మన మీద వచ్చిన విమర్శను తొలగించవలసి వచ్చినప్పుడు ఆ నిర్ణయం వార్తతో సంబంధం లేని రెండో వ్యక్తి తీసుకోవాలి.

చదివేటప్పుడు చివరిదాకా చదవండి. ఒకసారి వాడివేడిగా చర్చ సాగుతున్న వార్త కింద వరుసగా బూతులు తీసేస్తూ, మొదటి వాక్యంలోనే ఒక తిట్టు కనబడిందని నేను ఒక పొడవాటి వ్యాఖ్యను తీసేశాను. ఆ పాఠకురాలు తర్వాతి రోజు మర్యాదగా ఉత్తరం రాశారు. ఆ తిట్టు ఆవిడది కాదు, ఎవరో ఆవిడను అన్నమాటను ఉటంకించి, దానికి ఓపికగా జవాబిచ్చారు. ఆ చర్చలో ఉంచవలసిన వ్యాఖ్య ఒక్కటుంటే అదే.

ఫిల్టర్ల మీద ఎంత ఆధారపడాలి

నిషిద్ధ పదాల జాబితా తయారుచేసి యంత్రానికి అప్పగిస్తే పని తేలికవుతుందని అనిపిస్తుంది. తెలుగులో ఆ జాబితా మోసం చేసినంతగా మరేదీ మోసం చేయదు. "చంపు" అన్న ధాతువును ఆపితే "చంపేస్తా" అన్న బెదిరింపు ఆగుతుంది, దాంతోపాటు "మూగజీవాలను చంపొద్దు" అన్న వేడుకోలూ, "నవ్వించి చంపేశావు పో" అన్న మెచ్చుకోలూ ఆగిపోతాయి. "ఇరగదీశాడు", "ఉతికి ఆరేశాడు" అన్నవి ఆటల పేజీలో ప్రశంసలు. "దొంగ" అన్న మాటను ఆపితే దొంగతనం వార్త కింద ఎవరూ నోరు మెదపలేరు, వెన్నదొంగ మీద పద్యం రాసినవాడూ ఇరుక్కుంటాడు. మరోవైపు "సంగతి చూస్తా", "నీకు మూడింది" అన్న మాటలు జాబితాలో ఎక్కడా దొరకవు. పేరు చివర "గారు" తగిలించి చేసే అవమానమూ యంత్రానికి గౌరవంగానే కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగుకు స్థిరమైన వర్ణక్రమం లేదు కాబట్టి ఒకే తిట్టు పది రూపాల్లో వస్తుంది. అందువల్ల ఫిల్టర్‌కు తొలగించే అధికారం ఇవ్వకండి, అనుమానం ఉన్నవాటిని మనిషి ముందుకు తెచ్చే పని మాత్రమే ఇవ్వండి. ప్రకటనల లింకులు, ఒకే వాక్యం వందసార్లు అతికించడం వంటివి మాత్రం యంత్రానికే వదిలేయవచ్చు.

ముందు చూడాలా, తర్వాత చూడాలా

ప్రచురణకు ముందే ప్రతి వ్యాఖ్యనూ చదివితే చర్చ నెమ్మదిస్తుంది, తర్వాత చదివితే హాని జరిగాక మేలుకుంటాం. దీనికి ఒకే జవాబు లేదు. నేరాలు, అత్యాచార ఆరోపణలు, మైనర్లకు సంబంధించిన వార్తలు, విచారణలో ఉన్న కేసులు వీటికి ముందస్తు పరిశీలనే శరణ్యం, కొన్నింటికి వ్యాఖ్యలు తెరవకపోవడమే న్యాయం. మిగతావాటికి తర్వాత చూసినా సరిపోతుంది, కాకపోతే రాత్రివేళ కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

మీ దేశపు చట్టం ఏమంటుందో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి, ఎందుకంటే దేశానికో తీరుంది. అమెరికాలో 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్ ఇతరులు రాసిన వాటికి వెబ్‌సైట్లను ప్రచురణకర్తలుగా పరిగణించవద్దంటుంది. ఆస్ట్రేలియాలో అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 2021లో, తమ ఫేస్‌బుక్ పేజీల్లో పాఠకులు రాసిన వ్యాఖ్యలకు వార్తాసంస్థలే ప్రచురణకర్తలవుతాయని తేల్చింది. ఎస్టోనియాకు చెందిన డెల్ఫీ అనే వార్తా పోర్టల్ మీద అక్కడి కోర్టులు 320 యూరోల పరిహారం విధించగా, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2015లో దాన్ని సమర్థించింది. విద్వేషంతో నిండిన, హింసకు పిలుపునిచ్చే వ్యాఖ్యలు దాదాపు ఆరు వారాలపాటు అక్కడే ఉండిపోయాయి. మరుసటి ఏడాదే అదే న్యాయస్థానం హంగరీ పోర్టల్ కేసులో సంస్థ పక్షాన నిలిచింది, అక్కడి వ్యాఖ్యలు మొరటుగా ఉన్నా విద్వేషానికి, బెదిరింపుకు చేరలేదని చెప్పింది. మొరటుతనానికీ విద్వేషానికీ మధ్య ఉన్న ఈ గీతే మీ డెస్కులోనూ గీయవలసినది.

అంతా చూసే మనుషులు లేనప్పుడు ఏం చేయాలి? పాపులర్ సైన్స్ పత్రిక 2013లో, అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ 2016లో వ్యాఖ్యల విభాగాలను మూసేశాయి. గాలికి వదిలేయడం కంటే అది నిజాయితీ గల మార్గమే. మూసేయక ముందు మరో ప్రయత్నం చేయవచ్చు. నార్వే ప్రసార సంస్థకు చెందిన ఎన్‌ఆర్‌కే బేటా అనే టెక్నాలజీ సైట్ 2017లో, వ్యాసంలోని విషయం మీద మూడు చిన్న ప్రశ్నలకు సరైన జవాబు ఇచ్చినవారికే వ్యాఖ్య రాసే వీలు కల్పించింది. చదవకుండా శీర్షిక చూసి మండిపడేవారికి అది పగ్గం వేస్తుంది, ఎవరి అభిప్రాయాన్నీ అడ్డుకోదు. నాకు బాగా నచ్చిన పద్ధతి అది.

అసలు పేర్లు అడిగితే అందరూ దారికొస్తారన్న నమ్మకాన్ని మాత్రం నేను పంచుకోలేను. దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లలో రాసేవారి గుర్తింపును నిర్ధారించాలని చట్టం చేసింది, 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. పై అధికారి అవినీతి గురించి చెప్పాలనుకునే ఉద్యోగి, ఇంట్లో హింసను ఎదుర్కొంటున్న స్త్రీ తమ పేరుతో రాయలేరు. మారుపేరును అనుమతించండి, ఆ మారుపేరు నడవడికను గమనించండి.

ఎవరిని కాపాడుతున్నామన్నదీ మరువకూడదు. ది గార్డియన్ పత్రిక తన సైట్‌లో పోగైన 7 కోట్ల వ్యాఖ్యలను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించినప్పుడు, అత్యధికంగా దూషణకు గురైన పదిమంది రచయితల్లో ఎనిమిదిమంది స్త్రీలు, మిగిలిన ఇద్దరు నల్లజాతి పురుషులు అని తేలింది. తిట్లకు జడిసి వాళ్లు రాయడం మానేస్తే పోయేదీ వాక్ స్వాతంత్ర్యమే.

తీసిన తర్వాత

మాయం చేసి ఊరుకోకండి. కారణం చెప్పండి, పైకి అడిగే దారి చూపండి. ఉదాహరణకు ఇలా: "మీ వ్యాఖ్యలోని రెండో భాగం ఒక అధికారి మీద ఆధారం చూపకుండా లంచం ఆరోపణ చేస్తున్నందున మొత్తం వ్యాఖ్యను మూడో నియమం కింద తొలగించాం. మొదటి భాగం మీద మాకు అభ్యంతరం లేదు, దాన్ని మళ్లీ పంపవచ్చు. ఈ నిర్ణయం సరికాదనుకుంటే ఏడు రోజుల్లో తెలపండి, వేరొకరు పరిశీలిస్తారు." పాఠకుడి వాక్యాలను మీరే కత్తిరించి, దిద్ది ప్రచురించవద్దు. ఆయన పేరు కింద ఉన్న మాటలు ఆయనవే అయి ఉండాలి. విజ్ఞప్తి వస్తే మొదట తొలగించినవారు కాక రెండోవారే చూడాలి, పొరపాటు తేలితే వ్యాఖ్యను అదే స్థానంలో తిరిగి పెట్టి క్షమాపణ రాయాలి.

తొలగించిన ప్రతిదాన్నీ, ఏ నియమం కింద తీశారో, ఎవరు తీశారో ఒక పట్టికలో నమోదు చేయండి. వారానికోసారి అందులోంచి ఇరవై వ్యాఖ్యలు పేర్లు కనబడకుండా బయటికి తీసి, ఇద్దరు పరిశీలకులకు విడివిడిగా ఇచ్చి మళ్లీ నిర్ణయించమనండి. ఇద్దరి తీర్పులూ ఎక్కడ వేరుపడ్డాయో అక్కడ నియమం సరిగా రాయలేదని అర్థం, ఆ వాక్యాన్ని ఆ రోజే తిరగరాయండి.