డెల్టాలో కారు షెడ్డు లోపలి గోడలు: ముందు నెమ్ము సంగతి, తరువాతే వేడి

కారు షెడ్డు లోపలి గోడలకు ఏం వేయాలని అడిగేవారిలో ఎక్కువమంది మొదట వేడి గురించే మాట్లాడతారు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులోకి అడుగుపెట్టినవారికి ఆ తొందర సహజమే. అయితే భీమవరం, పాలకొల్లు, అమలాపురం ప్రాంతాల్లో కట్టిన గోడను ఎండకంటే ముందు పాడుచేసేది నెమ్ము. కింద నల్లమట్టి, పక్కన పంటకాలువ, చుట్టూ నీళ్ళు నిలిచిన చేలూ చెరువులూ, సముద్రం వైపునుంచి వచ్చే ఉప్పుగాలి, ఇవన్నీ ఉన్నచోట వేడి లెక్క ఒక్కటే చూసి ఇన్సులేషన్ ఎంచుకుంటే, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి దాన్ని ఊడబెరికే ఖర్చు కూడా పెట్టుకోవలసి వస్తుంది.

మా షెడ్డు విషయంలో నేను చేసిన పొరపాటు అదే. మాది పాలకొల్లు దగ్గర కాలువ గట్టుకు ఆనుకున్న ఇల్లు. గోడకు చెక్క రీపర్లు బిగించి, వాటి మీద పీవీసీ పలకలు కొట్టించాను. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంది. మూడో ఏడు దీపావళికి ముందు, గాలిపంపు తగిలించే మేకు ఊడి చేతికి వచ్చిందని ఒక పలక విప్పించాను. వెనక గోడంతా తెల్లని ఉప్పు పూసి ఉంది. వేలితో గీస్తే ప్లాస్టింగు పిండిలా రాలింది. రీపరు పైకి గట్టిగానే కనిపిస్తోంది కాని, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. లోపలంతా చెదల మట్టే.

కాబట్టి ఏ వస్తువూ కొనకముందు గోడను పరీక్షించాలి, ఆ పరీక్షకు కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో భూమిలో నీటిమట్టం దిగిపోయి, ఎంత చెమ్మ గోడైనా ఎండినట్టే కనిపిస్తుంది. జూన్‌లో నీళ్ళు వదిలి, ఊడ్పులు అయ్యి, శ్రావణ భాద్రపదాల వానలు పడ్డాక గోడ అసలు స్వభావం బయటపడుతుంది. అప్పుడు చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ రాసుకోవాలి. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేల్చడానికి, రెండు అడుగుల చదరపు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగంచులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచాలి. ముక్క వెనక, అంటే గోడ వైపున, నీటి బిందువులు పడితే నెమ్ము గోడలోనుంచి వస్తున్నట్టు. మన వైపున పడితే అది గాలిలోని తేమ. మొదటిది పునాదికి, ప్లాస్టింగుకు సంబంధించిన జబ్బు. రెండోది గాలి ఆడకపోవడం వల్ల వచ్చేది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

గోడలోనుంచే వస్తున్న పక్షంలో, గీత పెట్టిన ఎత్తుకు మరో అడుగు పైదాకా పాత ప్లాస్టింగు చెక్కించి, ఇటుక బయటపడేలా చేసి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది. ఇక్కడ తాపీమేస్త్రి సాధారణంగా చెప్పే సలహా బలమైన సిమెంటు ప్లాస్టింగు, లేదా నాలుగు అడుగుల ఎత్తున టైల్సు. ఆ రెండూ నెమ్మును ఆపవు, బయటికి వెళ్ళే దారిని మూస్తాయి. దారి లేని నెమ్ము ప్లాస్టింగు వెనకే పైకి పాకి, టైల్సు ముగిసిన చోట పొక్కులై బయటపడుతుంది. పాతకాలపు ఇళ్ళలో గుల్ల సున్నం పూతలు అంతకాలం నిలవడానికి ఒక కారణం, సున్నం గోడను ఊపిరి తీసుకోనివ్వడమే. చెమ్మ ఎక్కే గోడ అడుగుభాగానికి సున్నపు ప్లాస్టింగు, దాని మీద సున్నపు పూత నా దృష్టిలో ఇప్పటికీ మంచి ఎంపిక. లప్పం పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేయడం అక్కడ డబ్బు దండగ.

కొత్తగా కడుతున్నవారికి ఈ తిప్పలు తక్కువ. పునాది మీద నెమ్మును అడ్డుకునే పొర తెగకుండా వేయించుకోవాలి, ఉప్పునీళ్ళతో మాలు కలపనివ్వకూడదు, పునాది మట్టికి చెదల మందు కొట్టించాలి. గోడకు లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు, అంటే ఏఏసీ బ్లాకులు వాడితే విడిగా ఇన్సులేషన్ అవసరం చాలావరకు తగ్గుతుంది. మామూలు ఇటుకతో పోలిస్తే ఆ బ్లాకు గుండా వేడి సుమారు నాలుగో వంతు వేగంతోనే ప్రయాణిస్తుంది. కాకపోతే అది నీళ్ళు పీల్చే వస్తువు కాబట్టి నేల మట్టంనుంచి మొదలుపెట్టకూడదు. పునాది పైన రెండు మూడు వరసలు గట్టి ఇటుకతో లేపి, ఆ మీదనే బ్లాకులు పేర్చాలి. బరువైన అరలు తగిలించాలంటే ఆ బ్లాకులకు తగిన ప్రత్యేకమైన యాంకర్లు వాడాలి, మామూలు మేకు నిలవదు.

గోడ ఎండిందన్న నమ్మకం కుదిరాకే లోపలి పలకల మాట. మా ప్రాంతంలో దొరికేవాటిలో షెడ్డుకు ముందుగా చూడవలసింది సిమెంటు ఫైబర్ బోర్డు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో వివిధ మందాల్లో వస్తుంది. సామాన్లు తగిలే గోడకు కనీసం 8 మిల్లీమీటర్లది తీసుకోవాలి. తడిసినా ఉబ్బదు, చెదలు తినవు, మంట అంటుకోదు. జిప్సం బోర్డు సున్నితమైన నునుపు ఇస్తుంది, నిప్పును కూడా కొంతసేపు బాగానే నిలుపుతుంది. కాని తేమను తట్టుకునే ఆకుపచ్చ రకమైనా నీళ్ళలో నిలబడేది కాదు, కనుక నేలకు నాలుగు అడుగుల పైనే వాడాలి. ప్లైవుడ్డు, చెక్కపొట్టును అదిమి చేసే ఎండీఎఫ్ పలకలు, చెక్క రీపర్లు కొబ్బరితోటల మధ్య ఉన్న షెడ్డుకు నేను ససేమిరా వద్దంటాను. పలకలు నిలిపే చట్రానికి జీఐ ఛానళ్ళు, అంటే జింకు పూత వేసిన ఇనుప పట్టీలు సరిపోతాయి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వంటి సముద్రతీర ఊళ్ళలో మాత్రం జింకు పూత మందంగా ఉన్నవి అడిగి తీసుకుని, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించాలి. ఛానలు బాగానే ఉండి స్క్రూ తలలు తుప్పుపట్టి రాలిపోయిన షెడ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి.

పలక ఏదైనా గోడకు అంటుకుపోకూడదు. వెనక ఒక అంగుళం ఖాళీ, కింద నేలకు రెండు అంగుళాల ఎడం, పైన గాలి పోయే సందు ఉంటే, గోడలోనుంచి వచ్చే చెమ్మ ఆ ఖాళీలో పైకి వెళ్ళి ఆరిపోతుంది. కింది ఎడానికీ పై సందుకూ సన్నని జాలీ కొట్టకపోతే ఎలుకలు అక్కడ కాపురం పెడతాయి.

ఇప్పుడు ఇన్సులేషన్. షెడ్డులో నాలుగు గోడలకూ అది అవసరం లేదు. ఎక్కువ వేడి పైకప్పునుంచి, ఆ తరువాత పడమటి గోడనుంచి వస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే ఆ రెండింటితో ఆపేయవచ్చు. 9 అంగుళాల ఇటుక గోడకు 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ చేరిస్తే, లెక్క ప్రకారం గోడ గుండా లోపలికి వచ్చే వేడి సుమారు ఐదింట రెండు వంతులకు తగ్గుతుంది. 50 మిల్లీమీటర్లయితే నాలుగో వంతుకు. 75కు పెంచినా ఐదో వంతుకు కాస్త దిగువకే చేరుతుంది. మందం పెంచేకొద్దీ వచ్చే లాభం ఎలా సన్నగిల్లుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది కనుక, మన అవసరానికి 50 మిల్లీమీటర్లు దాటనక్కరలేదు. థర్మోకోల్ కంటే దాని జాతిదే అయిన దట్టమైన నురుగు పలక, ఎక్స్‌పీఎస్ బోర్డు, నీళ్ళు తక్కువ పీలుస్తుంది, గట్టిగా ఉంటుంది, కొంచెం తక్కువ మందంతోనే అదే పని చేస్తుంది. నెమ్ము గోడల ఊళ్ళో ఆ అదనపు ధర పెట్టదగినదే. గాజు పీచుతో చేసే గ్లాస్ ఊల్, రాతి పీచుతో చేసే రాక్ ఊల్ పొడిగా ఉన్నంతకాలం మంచివే, తడిస్తే మాత్రం వేడిని ఆపే గుణం పోయి బరువెక్కి కిందికి జారిపోతాయి. ఊక, కొబ్బరి పీచు ఊళ్ళో చవకగా దొరుకుతాయి కదా అని గోడలో నింపాలని కొందరికి అనిపిస్తుంది; పురుగుకూ నిప్పుకూ అంతకంటే పెద్ద ఆహ్వానం లేదు. వెండి రంగు ఫాయిల్ కూడా ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే పనిచేస్తుంది. రెండు పలకల మధ్య నొక్కేసిన ఫాయిల్ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

గోడలోకి తేమ పోకుండా వేసే పాలిథిన్ పొర విషయంలో యూట్యూబులోని చలిదేశాల వీడియోలు మనల్ని తప్పుదోవ పట్టిస్తాయి. అక్కడ వెచ్చని తేమగాలి ఇంటి లోపల ఉంటుంది కాబట్టి పొరను లోపలివైపు వేస్తారు. మనకు వెచ్చని తేమగాలి బయట ఉంది. షెడ్డును పనిగదిగా మార్చి ఏసీ పెట్టేవారు ఆ పొరను లోపలివైపు వేస్తే, బయటినుంచి వచ్చిన తేమ ఆ చల్లని ప్లాస్టిక్ వెనక నీరై గోడలోనే నిలిచిపోతుంది. ఏసీ గదికి తేమను ఆపే పొర బయటివైపు ఉండాలి. ఏసీ లేని షెడ్డుకు అసలు ఆ పొరే వద్దు.

నిప్పు సంగతి గోడల దగ్గరే ఆలోచించాలి, ఎందుకంటే కారులో పెట్రోలు ఉంటుంది, ఈమధ్య పక్కనే విద్యుత్ స్కూటరు చార్జింగులో ఉంటోంది. థర్మోకోల్, ఎక్స్‌పీఎస్, పఫ్ (పాలియురెథేన్ నురుగు) అన్నీ మండేవే. వాటిని ఎక్కడా బయటికి కనిపించేలా వదలకూడదు, అంచుల దగ్గర కూడా బోర్డుతో పూర్తిగా కప్పాలి. చార్జింగు పెట్టే గోడకు మాత్రం రాక్ ఊల్, దాని మీద సిమెంటు బోర్డు వేయడం ఉత్తమం. ఆ గోడ పొడిగా ఉన్నదై ఉండాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక నేల దగ్గర ఒక జాలీ, వేడిగాలి పోవడానికి పైన వెంటిలేటరు తప్పనిసరిగా ఉంచాలి. ఇంజను వేడితో వచ్చిన కారును గాలి ఆడని షెడ్డులో పెడితే, ఇన్సులేషన్ ఆ వేడిని రాత్రంతా లోపలే దాస్తుంది.

పైకప్పు రేకులదైతే తెల్లని పెయింటు చవకైన మొదటి మెట్టు. మార్చే ఉద్దేశం ఉంటే మధ్యలో పఫ్ ఉన్న రేకులే వేయించుకోవడం మేలు.

లంక గ్రామాల్లోనూ పల్లపు వీధుల్లోనూ ఉన్నవారు ఇంకో గీత గీసుకోవాలి. 1986 ఆగస్టులో గాని, 2022 జూలైలో గాని గోదావరి వరద నీరు తమ వీధిలో ఎంతవరకు వచ్చిందో ఇంటి పెద్దలను అడిగి, ఆ ఎత్తుకు ఒక అడుగు కలిపి, దానికి దిగువన సిమెంటు బోర్డు, సున్నపు ప్లాస్టింగు తప్ప మరేమీ పెట్టకూడదు. ఊల్ ఇన్సులేషన్, స్విచ్చి బోర్డులు, ఇన్వర్టరు ఆ గీతకు పైనే ఉండాలి. కింది వరస పలకలను లప్పం పెట్టి అతుకులు మూయకుండా స్క్రూలతో మాత్రమే బిగించి, ఆ స్క్రూలకు సరిపోయే డ్రైవరు బిట్టును షెడ్డులోనే పై అరలో ఉంచుకోవాలి. నీరు తీశాక ఆ పలకలు విప్పి, వెనక చేరిన ఒండ్రును కడిగేసి, గోడ ఆరేదాకా వాటిని అరుగు మీద నిలబెట్టి, ఆ తరువాత తిరిగి బిగించుకోవచ్చు.