దవడ కీలు నొప్పి: ముందు ఏ రకమో తేల్చుకోండి

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. కింది దవడ కొసకీ పుర్రె ఎముకకీ మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు ఆ కొస మొదట తిరిగి, తర్వాత డిస్క్‌తో పాటు ముందుకు జారుతుంది. చెవికి ఇంత దగ్గర కాబట్టే చాలామంది దీన్ని చెవిపోటు అనుకుంటారు.

పళ్లు బిగిస్తే బుగ్గమీద, కణతమీద కండరం ఉబ్బుతుంది. అక్కడ నొక్కితే నొప్పిగా ఉండి, పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే అది కండరాల నొప్పి. నిద్రలో పళ్లు కొరికేవాళ్లలో ఎక్కువగా ఇదే. టక్‌మని చప్పుడొస్తే డిస్క్ చోటు తప్పి మళ్లీ చోటుకి వస్తోందన్నమాట. నొప్పి లేకుండా చప్పుడు ఒక్కటే ఉంటే వైద్యం అక్కర్లేదు. కరకరమంటే కీలు అరిగి ఉండొచ్చు. రోజూ టక్‌మనేది ఉన్నట్టుండి ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటుంటే తగ్గిందని సంబరపడకండి. డిస్క్ ఇరుక్కుని ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

నోరు పూర్తిగా తెరిస్తే మీ మూడు వేళ్లు ఒకదానిమీద ఒకటిగా పళ్ల మధ్య పట్టాలి, అంటే సుమారు 40 మి.మీ. గుట్కా, వక్క నమిలేవాళ్లకి నోరు నెలల తరబడి మెల్లగా బిగుసుకుపోతూ, కారం తగిలితే మండుతుంటే అది కీలు జబ్బు కాదు. కింద చెప్పే వ్యాయామాలతో కాలం గడపకుండా డెంటల్ కాలేజీలో చూపించండి.

కండరాల నొప్పికి మందుకన్నా అలవాటు మార్చుకోవడమే ముఖ్యం. ఊరికే ఉన్నప్పుడు పెదాలు కలిసి ఉండాలి, పళ్లు మాత్రం తగలకూడదు, నాలుక కొస పై ముందుపళ్ల వెనక అంగిలికి ఆనాలి. ఫోన్ చూస్తున్నప్పుడు, బండి నడుపుతున్నప్పుడు తెలియకుండానే పళ్లు బిగిస్తాం, అప్పుడు గమనించుకోండి. రెండు మూడు వారాలు చెరుకు, జంతికలు, చూయింగ్ గమ్ మానేసి, పెరుగన్నం, ఇడ్లీ, పప్పులో నానబెట్టిన రొట్టె తినండి. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుతో 15 నిమిషాల చొప్పున రోజుకి రెండుమూడుసార్లు కాపడం పెట్టండి. కాపడం తర్వాత నాలుక అంగిలికి ఆనించే ఉంచి, అది జారనంత మేరకే నోటిని మెల్లగా ఆరుసార్లు తెరిచి మూయండి. నొప్పి వచ్చేదాకా సాగదీస్తే కండరం మళ్లీ పట్టేస్తుంది. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇబుప్రొఫెన్ నొప్పిమాత వేసుకోవద్దు.

రాత్రి పళ్లకి తొడుక్కునే నైట్ గార్డ్ కావాలంటే డెంటిస్ట్ అచ్చు తీసి చేసిచ్చే గట్టిది, అన్ని పళ్లనీ కప్పేది తీసుకోండి. ముందుపళ్లకి మాత్రమే తొడిగేవి నెలల తరబడి వాడితే పళ్లు కదిలి, పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు మారిపోతుంది. కీలు నొప్పి తగ్గడానికి పళ్లు అరగదీయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అరగదీసింది మళ్లీ రాదు. ఇరుక్కున్న డిస్క్‌కి ఇవన్నీ చాలకపోతే, సూదులతో సెలైన్ పంపి కీలుని కడిగే చికిత్స ఉంది. పెద్ద ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

శ్రమ చేసినప్పుడు దవడ లాగుతూ చెమట పడితే గుండె పరీక్షకి పరుగెత్తాలి. ఆవులింతకి నోరు తెరుచుకుపోయి మూతపడకపోతే ఇంట్లో ఎవరూ లాగకండి, క్యాజువాల్టీలో డాక్టర్ చేత్తో సరిచేస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆవులింత వచ్చినప్పుడల్లా గడ్డం కింద పిడికిలి ఆనించుకోండి.