తపాలా ప్రచారంలో తలెత్తే చిక్కులు: సమస్య - పరిష్కారం

బతుకమ్మ పండుగ అమ్మకాలకో, కళాశాల ప్రవేశాలకో, వానాకాలం విత్తనాలకో హనుమకొండ, వరంగల్, కాజీపేటల నుంచి పేరుపేరునా కరపత్రాలు పంపించే వ్యాపారులు ఉన్నారు. ఆశించినంత స్పందన రాకపోతే ప్రెస్సునో, పోస్టాఫీసునో తప్పుపట్టడం పరిపాటి. నా దృష్టిలో అది తొందరపాటు. చాలా లోపాలు అచ్చు ప్లేటు తయారుకాక ముందే డీటీపీ (కంప్యూటరులో పేజీ కూర్పు) ఫైలులోనూ, చిరునామాల జాబితాలోనూ చేరి ఉంటాయి. అందుకే కింద ప్రతి సమస్యకూ ముందు కంటికి కనిపించే లక్షణాన్ని, ఆ తరువాత దాని కారణాన్ని, చివరగా దాన్ని సరిదిద్దే పద్ధతిని వివరిస్తున్నాను.

కవర్లు కట్టలుగా తిరిగి వస్తున్నాయి

తిరిగి వచ్చిన కవర్లను పారవేయకండి. వాటిపై పోస్ట్‌మ్యాన్ రాసిన మాటే మనకు మొదటి ఆధారం. ‘లెఫ్ట్’ అని ఉంటే ఆ వ్యక్తి ఇల్లు మారారని అర్థం. అలాంటి పేర్లు ఎక్కువగా ఉన్నాయంటే జాబితా పాతబడిందన్నమాట. ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’ అని ఉంటే ఇంటి నంబరో, వీధి పేరో లోపించింది. ‘నో సచ్ పర్సన్’ అన్న మాట వరుసగా కనిపిస్తే మాత్రం ఎక్సెల్ ఫైలును అనుమానించాలి.

మన ప్రాంతపు ఇంటి నంబర్లకు ఎక్సెల్‌తో ప్రత్యేకమైన చిక్కు ఉంది. గడిలో 2-5-12 అని టైపు చేస్తే అది 2012 మే 2వ తేదీగా మారిపోతుంది. పల్లెల్లో తరచుగా కనిపించే 4-11 వంటి నంబరు నవంబరు 4గా మారుతుంది. అదే 2-7-580 అయితే తేదీగా కుదరదు కాబట్టి చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఈ కారణంగానే జాబితాను పైపైన చూసినవారికి లోపం పట్టుబడదు. కొన్ని నంబర్లు సరిగ్గానే ఉంటాయి, మరికొన్ని తేదీలై కూర్చుంటాయి. మారిపోయిన తరువాత ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, దాని స్థానంలో ఓ ఐదంకెల సంఖ్య ప్రత్యక్షమవుతుంది. కాబట్టి చిరునామాలు ఎక్కించక ముందే ఇంటి నంబరు నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి. ఇప్పటికే చెడిపోయిన ఫైలు చేతిలో ఉంటే ఊహతో దిద్దవద్దు; బిల్లు పుస్తకమో, దరఖాస్తు ఫారమో, మూలం ఏదైతే దానితో సరిపోల్చి మళ్లీ ఎక్కించాలి.

రెండో కారణం జిల్లాల మార్పు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో ములుగు జిల్లా వచ్చింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా పేర్లు మార్చుకున్నాయి. పాత జాబితాల్లో ఈ ఊళ్లన్నీ ‘వరంగల్ జిల్లా’ కిందే ఉంటాయి. పిన్ కోడ్ సరిగ్గా ఉంటే ఇది పెద్ద ఆటంకం కాదు. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును తెలుపుతాయి తప్ప రెవెన్యూ జిల్లాతో వాటికి నిమిత్తం లేదు. ఉమ్మడి వరంగల్ ప్రాంతానికి 506, కరీంనగర్ వైపు 505, ఆదిలాబాద్ వైపు 504 వస్తాయి. జాబితాను పిన్ కోడ్ వరుసలో పెట్టి చూస్తే, కరీంనగర్ ఊరికి 506 పడిన తప్పులు వెంటనే బయటపడతాయి. పల్లెల విషయంలో మరో జాగ్రత్త అవసరం: ఒకే పిన్ కోడ్ కింద అనేక గ్రామాలు ఉంటాయి కనుక గ్రామం పేరుతోపాటు బ్రాంచి పోస్టాఫీసు పేరు, మండలం కూడా రాయాలి.

పంపినవారి చిరునామా కవరుపై లేకపోతే బట్వాడా కాని కవరు మీ దగ్గరకు తిరిగి రాదు, అప్పుడు జాబితాను దిద్దుకునే అవకాశమే పోతుంది. దాన్ని తప్పక ముద్రించండి.

తెలుగు అక్షరాలు విడిపోయాయి, లేదా అర్థం కాని గుర్తులు వచ్చాయి

ఒత్తులు అక్షరం కింద చేరకుండా పక్కకు జరిగితే కారణం సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ యూనికోడ్ (ఫోన్లలో వాడే సార్వత్రిక అక్షర సంకేత పద్ధతి) తెలుగును చూపలేదు; ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. పేరు స్థానంలో పిచ్చి గుర్తులు వస్తే కారణం వేరు. కరపత్రాన్ని యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో తయారుచేసి, గ్రాహకుల పేర్లను మాత్రం ఫోనులో యూనికోడ్‌లో టైపు చేయించి, రెండింటినీ జాబితాలోని పేర్లను ఒక్కో ప్రతిలో నింపే మెయిల్ మెర్జ్‌లో కలిపినపుడు ఇలా జరుగుతుంది. అవి రెండూ వేర్వేరు సంకేత పద్ధతులు. పేర్లు పడే చోటికి యూనికోడ్ ఫాంటునే వాడాలి, లేదా జాబితా మొత్తాన్ని కన్వర్టర్‌తో మార్చి, ‘శ్రీ’, ‘క్ష’, ‘జ్ఞ’ ఉన్న పేర్లను విడిగా తీసి చదివి చూడాలి. పేర్లతో సంబంధం లేని భాగాన్ని ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు అక్షరాలను గీతల ఆకారాలుగా, అంటే కర్వ్స్‌లోకి మార్చి పీడీఎఫ్‌గా ఇస్తే, అక్కడి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

అక్షరాలు సరిగ్గానే ఉండి, చిన్న సైజులో ఒత్తులు, గుడులు పూడుకుపోయి మసకగా కనిపిస్తే, నలుపును నాలుగు రంగుల మిశ్రమంగా ఇచ్చారేమో చూడండి. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి నీడ పడుతుంది. చిన్న అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే నూరు శాతం ఇవ్వాలి. ముదురు రంగుపై తెల్లటి సన్న అక్షరాలు కూడా తెలుగుకు అంతగా నప్పవు. తప్పనిసరైతే మందమైన ఫాంటు ఎంచుకోండి.

రంగులు తెరపై ఉన్నట్లు రాలేదు

తెర కాంతితో రంగులు చూపిస్తుంది, ఆఫ్‌సెట్ నాలుగు సిరాలతో అచ్చువేస్తుంది. బతుకమ్మ చిత్రమున్న కరపత్రంలో తంగేడు పసుపు దాదాపు అలాగే దిగుతుంది కాని, బంతిపూల నారింజ, మెరిసే నీలం మాత్రం చప్పబడతాయి. ఫైలును ముందే ఈ నాలుగు సిరాల పద్ధతి అయిన సీఎంవైకేలోకి మార్చి, రంగు ప్రూఫు కాగితం మీదే చూసి ఒప్పుకోవాలి. ఫోటో మసకగా వస్తే అది వాట్సాప్‌లో సాధారణంగా పంపిన చిత్రమై ఉంటుంది. అదే చిత్రాన్ని డాక్యుమెంటుగా తెప్పించుకోండి. నాలుగు అంగుళాల వెడల్పుకు కనీసం 1200 పిక్సెళ్లు కావాలి. కటింగ్ తరువాత అంచున తెల్లగీత కనిపిస్తే బ్లీడ్, అంటే కటింగ్ గీత దాటి రంగును పెంచే అంచు, ఇవ్వలేదని అర్థం, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు పెంచాలి.

మడతలో పగుళ్లు, వెనుక మరకలు, అంటుకున్న కవర్లు

170 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఆర్ట్ పేపర్‌ను క్రీజింగ్ (మడతకు ముందు గీత నొక్కడం) లేకుండా మడిస్తే మడత వెంట సిరా పగిలి తెల్లబడుతుంది. క్రీజింగ్ చేయించాలి, వీలైతే కాగితపు పోగు దిశ మడతకు సమాంతరంగా ఉండేట్టు చూడమనాలి. వెనుక పేజీపై మరక పడితే సిరా ఆరకముందే కట్టలు పేర్చారన్నమాట. పెళ్లిళ్ల సీజనులో ప్రెస్సుల మీద ఒత్తిడి ఎక్కువ కనుక ఆరడానికి ఒక పూట గడువు ముందే అడిగి పెట్టుకోవాలి. వానాకాలంలో గమ్ కవర్లు తేమకు వాటంతట అవే అంటుకుంటాయి. వాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, నేలకు ఎత్తుగా ఉంచండి.

తపాలా ఖర్చు లెక్కకు మించింది

ఉత్తరాల రుసుము 20 గ్రాముల అంచెలుగా పెరుగుతుంది. 130 జీఎస్ఎం ఏ4 కరపత్రం ఒకటి సుమారు 8 గ్రాములు, 70 జీఎస్ఎం ఉత్తరం 4 గ్రాములకు పైగా, పొడవాటి కవరు 5 నుంచి 6 గ్రాములు. మొత్తం సుమారు 18 గ్రాములు వస్తుంది, అంటే మొదటి అంచెలోనే ఉంటుంది. కరపత్రం బాగా కనిపించాలని కాగితాన్ని 170 జీఎస్ఎంకు మారిస్తే దాని బరువు పదిన్నరకు చేరి, కవరు రెండో అంచెలోకి దాటే ప్రమాదం ఉంది. అప్పుడు ప్రతి కవరుకూ అదనపు రుసుము పడుతుంది. అచ్చుకు ముందే అదే కాగితంతో ఒక నమూనా కట్టి, గమ్ అంటించి, పోస్టాఫీసు కాటాపై తూయించండి. ఒకే పట్టణంలో గడపగడపకూ పంచాలనుకుంటే, చిరునామా అక్కరలేని తపాలాశాఖ ‘డైరెక్ట్ పోస్ట్’ సేవను కూడా విచారించండి. చాలా చిల్లర దుకాణాలకు అదే మేలని నా అభిప్రాయం.

అందిందో లేదో తెలియదు, స్పందన లేదు

మీ సొంత చిరునామాతోపాటు నర్సంపేట, పరకాల, మహబూబాబాద్‌లలోని బంధువుల చిరునామాలు కొన్ని జాబితాలో కలపండి. వారికి ఏ రోజు అందిందో అడిగితే ఏ ప్రాంతంలో ఆలస్యమైందో తెలుస్తుంది. కవర్లను పిన్ కోడ్‌ల వారీగా కట్టలు కట్టి, పెద్ద మొత్తమైతే పోస్ట్‌మాస్టరుకు ముందుగా చెప్పి ఇవ్వాలి. సద్దుల బతుకమ్మ, దసరా సెలవులను లెక్కలోకి తీసుకుని ఆఫరు గడువు పెట్టాలి.

కవర్లు సకాలంలో అంది కూడా ఫోన్లు రాకపోతే క్యూఆర్ కోడ్‌ను పరీక్షించండి. అది మడత మీద పడినా, 2 సెంటీమీటర్లకు తగ్గినా, చుట్టూ తెల్లటి ఖాళీ లేకపోయినా చాలా ఫోన్లు చదవలేవు. పరీక్షను తెరపై కాకుండా మడిచిన అచ్చు ప్రతిపైనే, పాత ఫోనుతో, మామూలు ఇంటి వెలుతురులో చేయాలి. క్యూఆర్ వాడని పెద్దవారి కోసం ఫోన్ నంబరును పక్కనే పెద్ద అంకెల్లో వేయండి.