అరటి నార కాగితంలో ఉండలు: ఎలా పోయాయంటే

దంచిన నార గుజ్జు కలిపిన నీళ్ల తొట్టిలో ముంచిన జల్లెడ అచ్చు పైకెత్తగానే కాగితం మీద జడ చిక్కుల్లాంటి ఉండలు, పక్కనే చిల్లులు. దంచింది చాల్లేదనుకుని ఇంకా దంచాను. ఉండలు పోలేదు సరికదా, ఆరాక కాగితం ముడుచుకుపోయింది.

తప్పు దంచడంలో లేదు. నార జానెడు పొడవుంది, పైగా సరిగా ఉడకలేదు. ఈసారి అంగుళం లోపు ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టాను. పావుకిలో ఎండు నారకు 50 గ్రాముల బట్టల సోడా (వంట సోడా కాదు), 4 లీటర్ల నీళ్లు, సన్న సెగ మీద 3 గంటలు. గిన్నె స్టీలుదే ఉండాలి, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. ఒక పోగు తీసి లాగితే పీచులుగా విడిపోవాలి. విడకపోతే ఇంకో అరగంట. చేతికి జారుడు తగలనంతవరకు కడగాలి.

దంచుతూ మధ్యమధ్య చిటికెడు గుజ్జును గాజు సీసా నీళ్లలో కుదిపి వెలుతురుకు పట్టండి. మబ్బులా సమంగా పరుచుకుంటే అక్కడితో ఆపేయండి.

తొట్టిలో 10 లీటర్లకు ఎండు లెక్కన 50 గ్రాముల గుజ్జు చాలు. మిగిలిన ఒకటీ అరా ఉండల్ని వదిలించింది బెండకాయ జిగురు: నాలుగు కాయలు చీల్చి రాత్రి చన్నీళ్లలో నానేసి, వడకట్టి పోశాను. అది అంటించడానికి కాదు, పీచులు ఒకదానికొకటి చుట్టుకోకుండా. జపాన్‌లో వాషి కాగితానికి వాడే తొరోరో అఓయి అనే మొక్క కూడా బెండకు చుట్టమే. వేడినీళ్లు మాత్రం వద్దు, జిగురు పలచబడిపోతుంది.