బెంగళూరు నుంచి బుధుడి సోడియం తోకని ఫోటో తీయడం ఎలా

బుధుడికి గాలి లేదనే కదా చిన్నప్పుడు చదువుకున్నాం, కానీ పరమాణువులు ఒకదానికొకటి తగలనంత పల్చటి పొర ఒకటి ఉంది, అందులో సోడియం ఉందని 1985లో భూమ్మీది టెలిస్కోప్‌తోనే పట్టుకున్నారు. ఎండకీ, సౌరగాలికీ (సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలకి), చిన్న చిన్న ఉల్కల దెబ్బలకీ నేల మీంచి లేచిన ఆ సోడియంని సూర్యకాంతి వెనక్కి నెట్టేస్తుంది, అదే తోక.

ముందు వంటింట్లోకెళ్ళి గ్యాస్ సిమ్‌లో పెట్టి, ఆ నీలం మంట మీద చిటికెడు ఉప్పు చల్లండి. మంట ఒక్కసారి పసుపుపచ్చగా మారుతుంది చూశారా, అదే 589 నానోమీటర్ల వెలుగు, మనం ఆకాశంలో వెతికేది అచ్చం ఆ రంగే. కాబట్టి 589 దగ్గర 10 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టర్ తప్పనిసరి, దానికి మాత్రం డబ్బు పెట్టండి. కెమెరా, 135 ఎంఎం లెన్స్, ఆకాశంతో పాటే కెమెరాని తిప్పే ట్రాకింగ్ మౌంట్ ఉంటే మిగతాది నడిచిపోతుంది.

అసలు కిటుకు తేదీలో ఉంది. బుధుడు బాగా పైకి కనిపించే రోజు చూసుకుని వెళ్ళిపోతాం, అది చాలదు. సూర్యుడి కాంతిలో సరిగ్గా సోడియం రంగు దగ్గరే నల్లగీత ఉంటుంది, బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా, అంటే 4.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు అక్కడి సోడియంకి ఆ నల్లగీత నీడే పడుతుంది, ఆ రోజుకి దాదాపు 16 రోజులు ముందో తర్వాతో అయితే సూర్యుడి నుంచి సెకనుకి 10 కిలోమీటర్ల వేగంతో దూరం జరుగుతూనో దగ్గరవుతూనో ఉంటాడు కాబట్టి, ఆ వేగానికి అక్కడికి చేరే వెలుగు రంగు కాస్త మారి, గీత పక్కకి జరిగి వెలుగు నిండా తగులుతుంది, తోక వెలుగుతుంది. ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి నుంచి దూరం చూసి ఈ రోజులు లెక్కేసుకోండి, 88 రోజులకోసారి తిరిగొస్తాయి, వాటిల్లో సాయంత్రం పడమట బుధుడు కనబడేవే ఎంచుకోండి.

చోటు విషయానికొస్తే, సాయంత్రమైతే ఊరికి పడమరన ఉన్న మాగడి వైపు పోండి, సిటీ వెలుగు వీపు వెనక ఉంటుంది. అదే తూర్పున హోసకోటె వైపు వెళ్తే బుధుడు సరిగ్గా బెంగళూరు నెత్తి మీదే దిగుతాడు, నేనలా రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నా. సోడియం వీధిదీపాలు కనబడే చోటు అసలొద్దు, ఫిల్టర్ వాటి వెలుగునీ లోపలికి రానిస్తుంది.

సూర్యుడు పూర్తిగా మునిగాకే లెన్స్ అటు తిప్పండి. బుధుణ్ణి ఫ్రేమ్‌లో కింద పెట్టి, 30 సెకన్ల షాట్లు దొరికినన్ని తీసి స్టాక్ చేయండి, అంటే అన్నిటినీ ఒకే ఫోటోగా కలపండి. తోక సూర్యుడికి ఎదురు దిక్కునే, అంటే పైకే ఉండాలి. కెమెరాని కొంచెం తిప్పి మళ్ళీ తీయండి, ఫోటోలో కనబడే వెలుగు చార కూడా కెమెరాతో పాటే తిరిగితే అది లెన్స్ ఫ్లేర్, అంటే లెన్స్ లోపలి ప్రతిబింబం, ఆకాశంలో ఉన్నచోటే ఉంటే తోక.